నిలిచిపోయిన పాత కారు: ఇంధన వ్యవస్థను బాగుచేసే క్రమం

ఏళ్ల తరబడి షెడ్డులోనో చెట్టుకిందో కదలకుండా ఉన్న కారును మళ్లీ రోడ్డెక్కించాలంటే చాలాసార్లు అడ్డుపడేది ఇంజనుకు పెట్రోలు అందించే ఏర్పాటే. ట్యాంకు, అందులో మునిగి ఉండే పీల్చుడు గొట్టం, వెనకనుంచి ముందుకు వచ్చే లోహపు పైపు, మధ్యమధ్య రబ్బరు హోసులు, ఫిల్టరు, పంపు, చివర కార్బ్యురేటర్ లేదా ఇంజెక్టర్లు కలిస్తే ఇంధన వ్యవస్థ. మన దేశంలో ఇలా నిల్వపడిన పాత కార్లలో ఎక్కువగా కనిపించేవి మూడు. ఉత్తరపారాలో 1950ల చివరినుంచి 2014 దాకా తయారైన హిందుస్థాన్ అంబాసిడర్ ఒకటి. ముంబయి కుర్లాలో 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, 70లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన కారు రెండోది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, అందులోనూ కార్బ్యురేటర్ ఉన్న తొలి రకాలు, మూడోది. మూడింటిలోనూ ట్యాంకు వెనక, ఇంజను ముందు. ఇంజను క్యామ్‌తో నడిచే పంపు పెట్రోలును బండి పొడవునా లాగి కార్బ్యురేటర్‌కు అందిస్తుంది. స్టార్టు కాని బండికి మెకానిక్ చెయ్యి ముందుగా పోయేది కార్బ్యురేటర్ మీదికే. కానీ ఇలాంటి బళ్లలో రోగం సాధారణంగా ట్యాంకులో మొదలై ముందుకు నడుస్తుంది కాబట్టి, బాగుచేసే పనీ ట్యాంకు దగ్గరే మొదలై అదే దారిలో ముందుకు రావాలి. ఈ క్రమం ఎందుకు తప్పనిసరో పెట్రోలు, నీరు, లోహం, రబ్బరు నిల్వలో ప్రవర్తించే తీరే చెబుతుంది.

పెట్రోలు ఎందుకు పాడవుతుంది

పెట్రోలు వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. దానిలో కొన్ని 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, బరువైనవి 200 డిగ్రీలు దాటాక గానీ మరగవు. చల్లటి ఇంజను మొదటి రెండు మూడు తిప్పుళ్లకే అందుకోవాలంటే ఆ తేలిక భాగాలే ఆధారం. ట్యాంకు మూత వదులైనా, గాలి గొట్టం తెరిచి ఉన్నా ముందు ఎగిరిపోయేవీ అవే. అందుకే ఆరేడు నెలలు నిలవున్న పెట్రోలు కంటికి శుభ్రంగా కనిపించినా చోక్ లాగి ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఇంజను అందుకోకపోవచ్చు. రెండో మార్పు దీనికంటే లోతైనది. పెట్రోలులోని ఒలిఫిన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముందు పెరాక్సైడ్లుగా, ఆ తర్వాత ఒకదానికొకటి అతుక్కుని జిగురుగా మారతాయి. వంటనూనె నిలవుండి ముక్కిపోయేది కూడా ఈ తరహా చర్యవల్లే. రిఫైనరీలు దీన్ని ఆలస్యం చేసేందుకు యాంటీఆక్సిడెంట్లు కలుపుతాయి. అవి ఖర్చయ్యేదాకా చర్య నెమ్మదిగా సాగుతుంది, ఖర్చయ్యాక వేగం పుంజుకుంటుంది. వేడి, రాగి ఈ చర్యను ఇంకా తొందరపెడతాయి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఎండాకాలమంతా రేకుల షెడ్డులో ఉన్న బండిలోని పెట్రోలు చల్లటి ప్రాంతపు బండిలోని పెట్రోలుకంటే చాలా ముందే చెడిపోవడానికి కారణం ఇదే. జిగురు పెట్రోలులో కరిగి ఉన్నంతసేపు కనిపించదు. పెట్రోలు ఆవిరైపోయిన చోట మాత్రం గోధుమరంగు వార్నిషులా గట్టిపడి అంటుకుంటుంది. కార్బ్యురేటర్ గిన్నెలో ఉండేది కొద్దిపాటి పెట్రోలే గనుక అది ముందుగా ఆరుతుంది, జెట్లనే సన్నటి రంధ్రాలు ముందుగా మూసుకుపోతాయి. రోగమంతా కార్బ్యురేటర్‌లోనే ఉందనే అభిప్రాయం ఇక్కడే పుడుతుంది. నిజానికి గిన్నెలో ఆరింది గుక్కెడు పెట్రోలయితే, అదే జిగురును మోస్తున్న పెట్రోలు ట్యాంకులో లీటర్ల కొద్దీ ఉంటుంది.

ట్యాంకులోకి నీరు ఎలా చేరుతుంది

సగం నిండిన ట్యాంకు పగటి వేడికి గాలి వదులుతుంది, రాత్రి చల్లదనానికి పీల్చుకుంటుంది, ఆ గాలిలోని తేమ లోపల నీరై నిలుస్తుంది అన్నది ప్రచారంలో ఉన్న వివరణ. ఇందులో నిజం ఉంది, కానీ పరిమాణాన్ని లెక్కగట్టి చూడాలి. ట్యాంకులో 20 లీటర్ల ఖాళీ ఉండి, పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా ఉంటే రోజుకు లోపలికి వచ్చే గాలి సుమారు ఒక లీటరు. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 30 గ్రాముల నీరు ఉంటుంది. అంటే ఆ లీటరు గాలిలో ఉన్నది 0.03 గ్రాములు. అదంతా ట్యాంకులోనే ఉండిపోయిందనుకున్నా ఏడాదికి 11 గ్రాములు మించదు. ట్యాంకు అడుగున గ్లాసుల కొద్దీ నీరు కనిపిస్తే అది గాలినుంచి వచ్చింది కాదు. మూతకింది వాషరు ఎండి పగిలి, వాన నీరు దిగి ఉంటుంది. ఈ తేడా గుర్తిస్తే చికిత్స మారుతుంది. నీరు తీసేసి మూత వాషరు మార్చకపోతే వచ్చే వానాకాలానికి సమస్య తిరిగి వస్తుంది. అలాగని గాలి తేమను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఉక్కు రేకుకు తుప్పు పట్టడానికి మడుగు అక్కర్లేదు, పలుచటి తేమ పొర చాలు. పెట్రోలులో మునిగిన భాగం కొంతవరకు భద్రం, దానికి పైన గాలికి తెరిచి ఉన్న కప్పు భాగమే ముందు తుప్పు పడుతుంది. ట్యాంకులను పూర్వం సీసం, తగరం పూతవేసిన రేకుతో చేసేవారు. ఆ పూత అతుకుల దగ్గర, గీతలు పడిన చోట్ల పోయాక తుప్పు పొరలుపొరలుగా రాలి పీల్చుడు గొట్టం చుట్టూ చేరుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాల బళ్లలో ఇది మరింత తొందరగా జరుగుతుంది.

ఇథనాల్ పాత్ర

2003 జనవరిలో దేశంలో పెట్రోలుకు 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం 9 రాష్ట్రాల్లో, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తొమ్మిదిలో ఒకటి. 2022 జూన్‌లో దేశం 10 శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకం మొదలై 2025లో 20 శాతం సాధారణమైంది. కాబట్టి 90లలో ఆగిపోయిన బండి ట్యాంకులోని పెట్రోలుకూ, ఈరోజు బంకులో పోయించే పెట్రోలుకూ గుణంలోనే తేడా ఉంది. మామూలు పెట్రోలులో నీరు దాదాపు కరగదు, అడుగున విడిగా ఉండిపోతుంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది, అయితే ఒక హద్దు వరకే. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు మోయగల నీరు సుమారు అర శాతం, అంటే 40 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. చలి పెరిగితే ఈ హద్దు ఇంకా తగ్గుతుంది. హద్దు దాటిన మరుక్షణం నీరు ఒంటరిగా దిగదు, ఇథనాల్‌ను కూడా లాక్కుని అడుగున వేరే పొరగా నిలుస్తుంది. పీల్చుడు గొట్టం ముందు అందుకునేది ఆ పొరనే, దానితో ఇంజను నడవదు. 20 శాతం మిశ్రమం ఇంకా ఎక్కువ నీటిని మోస్తుంది గనుక విడిపోవడం ఆలస్యమవుతుంది, కానీ విడిపోతే అడుగున చేరే పొర కూడా పెద్దదే. పాత బండి విషయంలో ఇంతకంటే ముఖ్యమైనది ఇథనాల్‌కున్న కరిగించే గుణం. దశాబ్దాలుగా ట్యాంకు గోడకు అంటుకుని కదలకుండా ఉన్న మడ్డిని అది వదులు చేస్తుంది. పాత ట్యాంకును కడగకుండా ఈ20 పోస్తే ఆ మడ్డి ఊడివచ్చి, శుభ్రం చేసి బిగించిన కార్బ్యురేటర్‌లోకే చేరుతుంది. ఇథనాల్ వచ్చాక ట్యాంకుతో మొదలుపెట్టాలన్న వాదం ఇంకా బలపడిందనడానికి కారణం ఇదే.

లక్షణం ఒకచోట, కారణం మరొకచోట

తప్పు ఎక్కడుందో తేల్చే ముందు చేయాల్సిన పరీక్షలు నాలుగే, వాటికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మొదటిది గాజు సీసా పరీక్ష. ట్యాంకు అడుగు డ్రెయిన్ ప్లగ్గు విప్పి కొద్దిగా పెట్రోలు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచాలి. తాజా పెట్రోలుకు ఉండే ఘాటైన వాసన పోయి వార్నిషు వాసన వస్తున్నా, రంగు టీ డికాక్షనులా మారినా అది పనికిరాదు. అడుగున గీత గీసినట్టు మరో పొర కనిపిస్తే నీరు, నల్లటి లేదా ఎర్రటి పొడి పేరుకుంటే తుప్పు. రెండోది ఇంజను ఆయిల్ గేజి పరీక్ష. గేజి తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తోందంటే, ఆయిల్ మట్టం ఉండాల్సిన గీత దాటి ఉందంటే, పంపు డయాఫ్రం చిరిగో కార్బ్యురేటర్ నీడిల్ కదలకో పెట్రోలు ఆయిల్లో కలుస్తోంది. అలాంటి ఆయిల్‌తో ఇంజను తిప్పితే బేరింగులు అరుగుతాయి. మూడోది పంపు పరీక్ష. కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి, ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొడితే పెట్రోలు తెంపుతెంపులుగా గట్టిగా పడాలి. నాలుగోది అన్నిటికంటే నిర్ణయాత్మకమైనది. చిన్న శుభ్రమైన డబ్బాను కార్బ్యురేటర్ కంటే ఎత్తులో కట్టి తాజా పెట్రోలు నేరుగా దానికి అందించాలి. డబ్బాతో ఇంజను చక్కగా నడిచి, ట్యాంకుకు కలపగానే మిస్సింగ్ కొట్టి ఆగిపోతే తప్పు కార్బ్యురేటర్‌ది కాదని రుజువైనట్టే. డబ్బాతోనూ నడవకపోతే కార్బ్యురేటర్ విప్పాల్సిందే. కానీ అప్పుడు కూడా ట్యాంకు శుభ్రమయ్యాకే దాన్ని తిరిగి బిగించాలి.

లక్షణం ముందు కనిపించి కారణం వెనక దాగడానికి పంపు ఉన్న చోటే ఒక కారణం. పంపుకు వెనకవైపు పైపంతా పీల్చే వైపు, ముందువైపుది నెట్టే వైపు. నెట్టేవైపు హోసు పగిలితే పెట్రోలు కారుతుంది, కంటికి కనిపిస్తుంది. పీల్చేవైపు హోసు పగిలితే ఇంజను నడుస్తున్నప్పుడు పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడా చుక్క కారదు, వాసన రాదు, ఇంజను మాత్రం పెట్రోలు చాలక ఆగిపోతుంది. ట్యాంకు మూతలోనో గాలి గొట్టంలోనో కందిరీగలు మట్టిగూడు పెట్టినా ఇలాంటి లక్షణాలే వస్తాయి. గాలి రాక ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతుంది, మూత తీయగానే బండి కాసేపు బాగా నడుస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ కార్బ్యురేటర్ ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు.

బాగుచేసే క్రమం

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్త. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా పెట్రోలు మండే ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు గనుక నేలబారున పాకి దూరాన ఉన్న నిప్పును అందుకుంటుంది. బండిని ఆరుబయటికి తెచ్చి, బ్యాటరీ వైరు తీసేసి, వేలాడే బల్బు వాడకుండా, పొడి అగ్నిమాపక సిలిండరు చేతికందేటట్టు పెట్టుకోవాలి. పెట్రోలును నోటితో గొట్టం పీల్చి తీసే అలవాటు మానాలి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు నిషేధమైంది. అంతకుముందు ఆగిన బండి ట్యాంకులో ఉన్నది సీసపు పెట్రోలు కావచ్చు, అది చర్మం ద్వారా కూడా ఒంట్లో చేరే విషం. తీసిన పెట్రోలును మురుగుకాలువలో పోయకూడదు. పోసినవాడి కంటే కాలువ పొడవునా ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ.

ట్యాంకు దింపి, మీటరు యూనిట్, పీల్చుడు గొట్టం తీసి, మిగిలినదంతా వంచేయాలి. సబ్బు కలిపిన వేడినీళ్లతో పదేపదే కడిగితే జిగురులో చాలా భాగం పోతుంది. తుప్పుకు సిట్రిక్ యాసిడ్ ద్రావణం నింపి ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. గొలుసు ముక్క వేసి ఊపితే పొరలు రాలుతాయి, అయితే గొలుసు తిరిగి బయటికి వచ్చిందో లేదో చూసుకోవాలి. యాసిడ్ తీశాక వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టకపోతే శుభ్రమైన ఉక్కు గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగ్ తలపెడితే ఒక హెచ్చరిక తప్పదు: ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో ఉండేది ఆవిరి కలిసిన గాలి. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. లోహపు పైపును రెండు చివరలూ విప్పి ముందునుంచి వెనక్కి గాలి కొట్టాలి, అప్పుడే మడ్డి వచ్చిన దారినే పోతుంది. రబ్బరు హోసులు, డయాఫ్రం, మూత వాషర్లు ఎలా కనిపించినా మార్చాల్సిందే. పాత రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది, ఇథనాల్ తగిలితే కొన్ని రకాలు ఉబ్బుతాయి. కొత్తవి ఇథనాల్‌కు తట్టుకునే రకమని అడిగి తీసుకోవాలి. ట్యాంకుకూ పంపుకూ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్టరు ఒకటి బిగిస్తే వెనకనుంచి ఏం వస్తోందో కళ్లారా తెలుస్తుంది.

కార్బ్యురేటర్ వంతు చివరిది. ఎస్‌యూ రకంలో ఒకే జెట్టులో సూది పైకీ కిందికీ కదిలి కొలత మారుస్తుంది, సోలెక్స్‌లో ఒక్కో పనికి ఒక్కో జెట్టు. సోలెక్స్ జెట్టుమీద 120 అని చెక్కి ఉంటే దాని రంధ్రం 1.20 మి.మీ. దాన్ని ఇనుప తీగతో పొడిచి 1.26 చేస్తే పెరిగింది 0.06 మి.మీ. మాత్రమే అనిపిస్తుంది, కానీ రంధ్రపు వైశాల్యం 10 శాతం పెరిగింది. బండి ఆ తర్వాత పొగ కక్కుతూ పెట్రోలు తాగుతుంది. అందుకే జెట్లను ద్రావణంలో నానబెట్టి గాలి కొట్టాలి తప్ప పొడవకూడదు. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఊపి లోపల పెట్రోలు చప్పుడు ఉందేమో వినాలి. వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. చిల్లుపడిన ఫ్లోటు మునిగిపోతే నీడిల్ మూసుకోదు, పెట్రోలు పొంగి వేడి సైలెన్సర్ పైపుమీద పడుతుంది. అన్నీ బిగించాక ఈ20తో ఇంకో సర్దుబాటు కావాలి. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ మిశ్రమానికి 13.5 చాలు. పాత జెట్లతో ఇంజనుకు పెట్రోలు ఆ మేరకు, దాదాపు 8 శాతం, తక్కువ పడుతుంది. రేసు ఇచ్చినప్పుడు తటపటాయిస్తూ వేడెక్కుతున్న ఇంజనుకు ఒక మెట్టు పెద్ద మెయిన్ జెట్టు సరిపోవచ్చు. పొడిచి పెద్దది చేయడానికీ, కొలతగల పెద్ద జెట్టు వేయడానికీ ఉన్న తేడా ఇదే.

అభ్యంతరాలు, సమాధానాలు

ట్యాంకు దించడమెందుకు, కొత్త పెట్రోలు పోస్తే పాతది పలచబడి పోతుంది కదా అన్నది తరచుగా వినిపించే మాట. కొద్ది నెలలు మాత్రమే ఆగిన బండి విషయంలో ఇది తప్పు కాదు. సీసా పరీక్షలో పెట్రోలు తేటగా ఉండి పొర ఏదీ కనిపించకపోతే నిండా కొత్త పెట్రోలు పోసి నడిపేయవచ్చు. ఏళ్లు గడిచిన బండికి ఈ వాదం నిలవదు. పలచబడితే జిగురు గాఢత తగ్గుతుంది గానీ మొత్తం తగ్గదు. అదంతా చివరికి జెట్ల గుండానో, వాల్వుల మీదికో పోవాల్సిందే. ముందు ఒక డబ్బా క్లీనర్ పోసి చూద్దామనేది రెండో మాట. నిల్వకు ముందు కలిపే స్టెబిలైజర్లు నిజంగా పనిచేస్తాయి, ఎందుకంటే అవి ఆక్సీకరణ మొదలవకుండా అడ్డుకుంటాయి. జరిగిపోయిన ఆక్సీకరణను వెనక్కి తిప్పే మందు లేదు. శుభ్రపరిచే ద్రావణాలు నడిచే బండిలో పలుచటి మడ్డిని తీయగలవు, తుప్పు పొరను గానీ అడుగున నిలిచిన నీటిని గానీ తీయలేవు. సమస్యలన్నిటికీ ఇథనాలే కారణం, అది లేకుంటే పాత బళ్లు హాయిగా ఉండేవి అన్నది మూడో మాట. ఇథనాల్ రాకముందు ఆగిపోయిన బళ్లలోనూ జిగురు, తుప్పు, ఎండిన డయాఫ్రం ఉన్నాయి. ఇథనాల్ వాటిని పుట్టించలేదు, కొన్నిటిని తొందరపెట్టింది, దాగినవాటిని బయటికి లాగింది. దాని నష్టాన్ని తక్కువ చేయకూడదు, అలాగని నిర్లక్ష్యపు నిల్వకు దాన్ని సాకుగా చూపకూడదు. రబ్బరు భాగాలు మార్చితే పాత బండి అసలుదనం పోతుందన్న నాలుగో అభ్యంతరానికి సమాధానం సులువు. హోసులు, డయాఫ్రంలు కొత్తగా అమ్మిన రోజునుంచే మార్చడానికి ఉద్దేశించిన భాగాలు.

ఇంజెక్షన్ కార్లు, డీజిల్ బళ్లు

ఇంజెక్షన్ కారులో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి సాధారణంగా 3 బార్ల ఒత్తిడితో పనిచేస్తుంది. కార్బ్యురేటర్ పంపు ఒత్తిడి ఇందులో పదో వంతు కూడా ఉండదు. చెడిన పెట్రోలులో ఆ పంపును తిప్పితే అదే ముందు కాలిపోతుంది గనుక సెల్ఫ్ కొట్టకముందే ట్యాంకు ఖాళీ చేయడం ఇక్కడ ఇంకా అవసరం. డీజిల్ బండిలో జిగురుకు తోడు మరో శత్రువు ఉంది. నీరూ డీజిలూ కలిసే హద్దులో సూక్ష్మజీవులు, ముఖ్యంగా ఒక రకం బూజు పెరిగి నల్లటి జారుడు తెట్టెగా ఫిల్టర్లను మూసేస్తుంది. మందు వేసి బూజును చంపినా చచ్చిన తెట్టె ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి, ఇక్కడా కడగడం తప్పదు.

ఆపేముందు తీసుకోవాల్సిన జాగ్రత్త

ఆపేది కొద్ది నెలలకైతే ట్యాంకు నిండా పోయించి స్టెబిలైజర్ కలిపి పది నిమిషాలు నడిపి ఆపాలి. ఖాళీ తక్కువైతే లోపలికి వచ్చే గాలి, తేమ రెండూ తక్కువే. ఏళ్లకు ఆపేదైతే నిండు ట్యాంకు ఉపకారం చేయదు, ఆ పెట్రోలంతా జిగురవుతుంది. ట్యాంకు పూర్తిగా వంచి ఆరబెట్టి, కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టడమే మేలు. నెలకోసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేసే అలవాటు మంచికంటే చెడే చేస్తుంది. ఇంజను వేడెక్కకముందే ఆగిపోతే పెట్రోలు మండగా వచ్చిన నీటి ఆవిరి ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ నీరై నిలుస్తుంది. నడిపితే అరగంట రోడ్డుమీద నడపాలి.

ట్యాంకునుంచి మొదలుపెట్టడం వల్ల కలిసొచ్చేది శ్రమ ఒక్కటే కాదు. ట్యాంకును కడగవచ్చు, అతకవచ్చు, కొత్తది చేయించవచ్చు. హోసు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అంబాసిడర్, పద్మిని కార్లు తయారవడం ఆగిపోయాక వాటి అసలు కార్బ్యురేటర్లు మాత్రం ఉన్నవే ఉన్నాయి. మెత్తటి లోహంతో చేసిన ఆ భాగాల మరలు, జెట్టు తలలు విప్పి బిగించిన ప్రతిసారీ కొంత అరుగుతాయి. వెనకనుంచి మడ్డి వస్తూ ఉండగా కార్బ్యురేటర్‌ను మూడుసార్లు విప్పడమంటే, తిరిగి దొరకని భాగాన్ని తేలిగ్గా దొరికే భాగాల కోసం ఖర్చుపెట్టడమే. ట్యాంకు, పైపు, పంపు శుభ్రమై పారదర్శక ఫిల్టరులో పొడి కనిపించడం మానాక కార్బ్యురేటర్‌ను ఒక్కసారి, సరిగ్గా, విప్పితే చాలు.